మేడ మీదికి కాస్త మోత

కింద అందరూ ఆమెని వదినా అనేవాళ్ళు. మేడ మీద అందరూ మేడమ్ అనేవాళ్ళు. మధ్యలో ఉన్నది ఒక వరస మెట్లే. అయినా ఎక్కేటప్పుడు ఆమె జుట్టు సవరించుకునేది, దిగేటప్పుడు చేతులు మోచేతుల దాకా మడుచుకునేది.

ఆ ఇల్లు అత్తగారిది. ఇల్లంటే కాపురం ఉండే ఇల్లు కాదు. ఒకప్పుడు ఆవిడ బట్టలు కుట్టించిన కార్ఖానా. పైన గుడ్డ కత్తిరించేవాళ్ళు, కింద మిషన్ల మీద కుట్టేవాళ్ళు. కత్తిరించిన మూటల్ని మెట్ల మీద మోసుకు దిగే శ్రమ లేకుండా, మేడ మీది చెక్క నేలని ఒక మూల చదరంగా కోసి, మూత పెట్టి, తాడుతో కిందికి దించేవాళ్ళు. అత్తగారి మోకాళ్ళు మొరాయించాక కార్ఖానా మూతపడింది. "రెండు అంతస్తులు, ఇద్దరు కొడుకులు. పంచడానికి పెద్దమనుషులు కూడా అక్కర్లేదు," అని ఆవిడ కింది భాగం చిన్నకొడుక్కి ఇచ్చింది. పెద్దకొడుకు రైలు నడుపుతాడు. ఇంట్లో ఉంటే నిద్రపోతాడు, మెలకువగా ఉంటే ఇంట్లో ఉండడు. వాడికి మేడ ఇస్తే పరుపు వేసుకుంటాడని, కోడలికి ఇచ్చింది.

కోడలు అప్పటిదాకా ఇరవై ఏళ్ళు ఒక బడి ఆఫీసులో పనిచేసింది. ఇంకెవరో వేసిన బల్ల ముందు, ఇంకెవరో కొట్టిన గంటకి లేచి కూర్చున్న బతుకు. మేడ తన చేతికి వచ్చిన రోజున తలుపు తాళం తీసి, ఖాళీ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి ఊరికే నడిచింది. తర్వాత ఉద్యోగం మానేసి, ఆ గదిని కోవర్కింగ్ స్పేస్ చేసింది. ఇంట్లో కూర్చుని పనిచేసుకోవలసినవాళ్ళకి ఇల్లు పని చెయ్యనివ్వదు. పిల్లలు, వంట, తలుపు కొట్టేవాళ్ళు. అలాంటివాళ్ళు వచ్చి ఒక బల్ల అద్దెకు తీసుకుంటారు. కుర్చీ, ఇంటర్నెట్, దీపం, కాఫీ అన్నీ ఆమె చూసుకుంటుంది. దీపం పోతే, "మేడమ్, దీపం పోయింది" అంటే చాలు. ఆమె పరుగెడుతుంది. అదీ మేడ మీది పద్ధతి.

కింద మరిది పెట్టింది హ్యాకర్‌స్పేస్. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమె మరిదిని నిలదీసింది.

"హ్యాకర్లంటే పేపర్లో వచ్చే దొంగలు కదయ్యా?"

"వాళ్ళు వేరు వదినా. మేం పాడైన వస్తువుని పారెయ్యకుండా విప్పి చూసేవాళ్ళం."

"విప్పడం దాకా నాకూ తెలుసు," అంది అత్తగారు. "నా ఇస్త్రీపెట్టె విప్పి ఆర్నెల్లయింది. ఆ బిగించేవాళ్ళు కూడా ఎప్పుడొస్తారో కనుక్కో."

కింద రంపాలున్నాయి, డ్రిల్లులున్నాయి, ప్లాస్టిక్‌తో బొమ్మలు పోసే ప్రింటరు ఉంది, అత్తగారి పాత కుట్టుమిషన్లు కూడా రెండున్నాయి. సభ్యులు ఇరవై మంది దాకా ఉంటారు. యజమాని అంటూ లేడు. ప్రతివాడి దగ్గరా తాళంచెవి ఉంది. ఎవడి సరదా వాడు చేసుకుంటాడు, ఎవడి పనిముట్టు ఎవడైనా వాడుకుంటాడు. వాళ్ళందరికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క నియమం. అది గోడ మీద ఎర్ర రంగుతో, చిన్నపిల్లాడికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో రాసుంది: చెప్పినవాళ్ళే చెయ్యాలి. కుళాయి కారుతోందని అన్నవాడే కుళాయి బాగుచెయ్యాలి. చెత్త పేరుకుపోయిందని అన్నవాడే చీపురు పట్టాలి. అందుకే కింద ఫిర్యాదులు తక్కువ, చెత్త ఎక్కువ.

మోత సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మేడ మీద సగం బల్లలు పుస్తకాల ఎడిటరుగారివి. ఆయనా, ఆయన దగ్గర తప్పులు దిద్దే ముగ్గురూ కూర్చుంటారు. మిగిలిన సగంలో లెక్కలు చూసే ఒకావిడ, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే ఒక కుర్రాడు, అప్పుడప్పుడూ వచ్చిపోయేవాళ్ళు. ఎడిటరుగారు ఉంటేనే మేడ నిలుస్తుంది. ఆయన లేచి వెళ్ళిపోతే మిగతావాళ్ళతో గది నడవదు, ఆమె మళ్ళీ బడి ఆఫీసుకి పోయి ఖాళీ ఉందా అని అడగాలి. ఈ సంగతి ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన మర్యాదస్తుడు కాబట్టి తెలియనట్టు ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఆమె బల్ల ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఇప్పుడు కింద నడుస్తున్నది ఏమిటో తెలుసుకోవచ్చా?"

"రంపం అనుకుంటానండి."

"ఇందాక?"

"అది సుత్తండి."

"దానికి ముందు? గుర్రం సకిలించినట్టుగా?"

"అదేమిటో నాకూ తెలియదండి," అంది ఆమె నిజాయితీగా.

"ఒక వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలా అని నేను పొద్దుట్నుంచీ చూస్తున్నాను. సరే ఇక్కడ అని పెన్సిలు దించేసరికి కింద ఢాం అంటున్నారు. కామా ఎగిరి పక్క పేరాలో పడుతోంది." ఆయన నవ్వలేదు. "మీరంటే నాకు గౌరవం మేడమ్. ఈ గది కూడా నాకు ఇష్టమే. నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత మేం నలుగురం వేరే చోటు వెతుక్కుంటాం. తప్పుగా అనుకోకండి."

ఆమె తప్పుగా అనుకోలేదు. ఇంటికెళ్ళి అత్తగారి దగ్గర కూలబడింది.

అత్తగారికి ఇలాంటి వాటికి ఆలోచన అక్కర్లేదు. "గోడౌన్ పెట్టుకుంటానని ఒకాయన కింది భాగం కోసం తిరుగుతున్నాడు. పెట్టేది మూటలు. మూటలకి నోరుండదు. నువ్వు ఊ అను, చిన్నాడికి నేను చెబుతాను."

"వాడెక్కడికి పోతాడు అత్తయ్యా?"

"ఏం, వాడేమైనా పాలు తాగే పిల్లాడా? ఇంకో చోట విప్పుకుంటాడు."

ఆమె ఊ అనలేకపోయింది. ఊహూ అని కూడా అనలేకపోయింది. ఆమె ఈ ఇంటికి వచ్చేనాటికి మరిదికి మీసం కూడా రాలేదు. ఆమె వెంట తెచ్చుకున్న కొత్త రేడియోని వారం తిరక్కుండా విప్పేసింది అతనే. ఆ ముక్కలన్నీ మంచం కిందికి తోసి, తన చేతిలోంచి జారి పగిలిందని అబద్ధం చెప్పి అతన్ని కాచింది ఆమె. ఇరవై ఏళ్ళ తర్వాత ఇప్పుడు ఆ ముక్కల్ని మంచం కిందనుంచి లాగినట్టుంటుంది ఊ అంటే. ఊహూ అంటే మేడ పోతుంది.

మర్నాడు గట్టిగా నాలుగు మాటలు అడిగేద్దామని మెట్లు దిగింది. దిగుతూ ఆ నాలుగు మాటలూ కూడబలుక్కుంది. తలుపు తీసేసరికి నాలుగూ మోతలో కొట్టుకుపోయాయి.

లోపల వాళ్ళలో ముఖ్యులు ముగ్గురు ఉన్నారు. మరిది ఒక పాత సైకిలు చక్రానికి ఏదో మోటారు బిగిస్తున్నాడు. వైర్ల పిల్ల, అంటే కాలేజీ అయిపోయినా మెడలో పూసలదండలా ఎప్పుడూ వైర్లు వేసుకు తిరిగే అమ్మాయి, నేల మీద బాసింపట్టు వేసుకుని ఉంది. మూడో ఆయన పళ్ళ డాక్టరు. ఆస్పత్రిలో డ్రిల్లు దించి, ఇక్కడికొచ్చి డ్రిల్లు ఎత్తుకుంటాడు. ఇక్కడైతే ఎవరూ అరవరని ఆయనకి హాయి.

"ఆపండర్రా!" అని ఆమె అరిచింది. ఆపారు. "పైన మావాళ్ళ చెవులు చిల్లులు పడుతున్నాయి. ఎడిటరుగారు వెళ్ళిపోతానంటున్నారు. మీ మోతకి ఏదో ఒకటి చెయ్యాలి."

వైర్ల పిల్ల మెల్లిగా తల తిప్పి గోడ వైపు చూసింది. డాక్టరు చూశాడు. మరిది కూడా చూశాడు. అందరూ చూస్తున్నారు కదా అని ఆమె కూడా చూసింది. ఎర్ర అక్షరాలు.

"ఏమిటీ, నేనా?"

"చెప్పింది మీరే కదా వదినా," అంది వైర్ల పిల్ల. ఆ పిల్లకి ఆమె వదిన ఏ లెక్కన అయిందో ఎవరికీ తెలియదు. కింద ఉన్న ఇరవై మందీ మరిది నోట విని అదే పట్టేశారు. ఒక్క మరిది చాలనట్టు.

"మోత మీది, పని నాదా? తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, మొత్తం గంప నా నెత్తినే పెడతారేం?"

"చెప్పినవాళ్ళు మొదలుపెట్టాలి వదినా, అంతే. పట్టుకోడానికి మేమందరం ఉన్నాం," అన్నాడు మరిది. తర్వాత ఆమెని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "గోడౌన్ ఆయన సంగతి అమ్మ చెప్పింది. నువ్వు ఊ అనలేదట."

ఆమెకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఊహూ అని కూడా అనలేదులే."

"అదీ చెప్పింది. అమ్మ సగం చెబుతుందా?" అతను నవ్వాడు. "చూడు వదినా, నీ మేడ పోకూడదు. సీలింగుకి ఏదో ఒకటి చేద్దాం. కుదిరితే సరే. కుదరకపోతే నేనే తాళంచెవి తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెడతాను. నువ్వు ఒక్క మాట కూడా అననక్కర్లేదు."

పోట్లాడదామని వచ్చినవాళ్ళకి ఇంతకంటే అన్యాయం ఉండదు. ఆమె వెనక్కి తిరిగి, బల్ల మీదున్న డ్రిల్లు ఎత్తింది.

"తలకిందులుగా పట్టుకున్నారండీ," అన్నాడు డాక్టరు.

రెండు ఆదివారాలు పట్టింది. పాత సీలింగుకి ఒక అడుగు కిందుగా కొత్త సీలింగు వేలాడదీయాలని తేల్చారు. చెక్క చట్రం గోడని తాకకూడదు, తాకితే చప్పుడు గోడ పట్టుకుని పైకి పాకుతుందట. అందుకని పాత లారీ ట్యూబులు ముక్కలు కోసి, ఆ రబ్బరు పట్టీలతో చట్రాన్ని వేలాడదీశారు. చట్రం లోపల కుక్కడానికి గుడ్డపీలికల సంచులు కావాలి. అత్తగారు చూడ్డానికి వచ్చి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, మీ మోత మీరు పడండి," అంటూనే తన పాత మిషను ముందు కూర్చుంది. సాయంత్రానికి గుట్ట కుట్టిపారేసింది. మోకాళ్ళు నొప్పా అని అడిగితే, "ఏ మోకాళ్ళు?" అంది.

మొదటి రంధ్రం వదినగారే వేసింది. డ్రిల్లు చెక్కని పట్టుకోగానే కళ్ళు మూసుకుంది.

"కళ్ళు మూసుకోవలసింది పేషెంటు," అన్నాడు డాక్టరు. "మీరు తెరవాలి. తొందరలేదు, దానికి నొప్పి తెలియదు."

పదో రంధ్రానికి చెయ్యి కుదిరింది. ఇరవయ్యోదానికి, ఇంక చాలు అని వాళ్ళు చెప్పవలసి వచ్చింది.

అసలు ఆ కింది జాతికి ఉన్న జబ్బే అది. ఎక్కడ ఆపాలో తెలియదు. మొదటి ఆదివారం సాయంత్రానికే రొద బాగా తగ్గింది. మామూలు మనుషులైతే చేతులు దులుపుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. వైర్ల పిల్ల చప్పుడు కొలిచే ఒక డబ్బా చేసుకుని, మేడ మీద గది మధ్య పెట్టుకుని, "ఇంకా వస్తోంది!" అని కేకేసింది. సరే, బోర్డు రెండో పొర వేశారు. ఇంకా వస్తోంది. సందులన్నీ జిగురుతో మూశారు. ఇంకా వస్తోంది. మూల ఉన్న పాత మూటల మూత కింద నుంచి వస్తోందని కనిపెట్టి, అక్కడ సంచులు మూడు వరసలు కుక్కి పైన బోర్డు కొట్టారు. మెట్ల తలుపు అంచులకి రబ్బరు. గాలి కొట్టే యంత్రాన్ని పెరట్లో పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టారు. చివరికి డబ్బా మీది ముల్లు నిద్రపోయిన పాపలా పక్కకి వాలింది. వైర్ల పిల్ల అందరినీ మేడ మీదికి పిలిచి, ముల్లుని చూపించి, నోటిమీద వేలేసుకుంది.

సోమవారం పొద్దున కింద రంపం ఆడుతుంటే మేడ మీద గోడ గడియారం వినబడింది. ఆ గడియారం చప్పుడు చేస్తుందని ఆమెకి ఆనాడే తెలిసింది.

మధ్యాహ్నం ఎడిటరుగారు నవ్వుతూ వచ్చాడు. "మేడమ్, కామా పడింది."

ఆమె కిందికి పరుగెత్తి ఆ మాట చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. మరిది తాళంచెవిని చూపుడు వేలికి తగిలించి గిరగిరా తిప్పాడు. గోడౌన్ ఆయన్ని రావద్దని చెప్పమని అత్తగారికి కబురు పెట్టారు. "నెలాఖరు కానీ, చెబుతాను," అందావిడ. బట్టలు కుట్టినావిడ. ముడి వెయ్యందే దారం తెంపదు.

మంగళవారం లెక్కలావిడ బిస్కెట్టు తింది.

ఆవిడ రోజూ పదకొండింటికి బిస్కెట్లు తింటుంది. ఎన్నాళ్ళనుంచో తింటోంది, ఎవరూ ఎరగరు. ఆ రోజు ఆ నిశ్శబ్దంలో మొదటి బిస్కెట్టు కొరగ్గానే ఎండుకొమ్మ విరిగినట్టయింది. అయిదు తలలు లేచాయి. ఆవిడ నోట్లో ముక్క నోట్లోనే ఉంచుకుని, మింగలేక, నమలలేక, అది నానిపోయేదాకా అలాగే కూర్చుంది.

బుధవారం బొమ్మల కుర్రాడి మోకాలు వినబడింది. అతను బొమ్మ వేస్తున్నంతసేపూ కాలు ఊపుతాడు, కుర్చీ సన్నగా మూలుగుతుంది. గురువారం అందరికీ కలిపి ఎడిటరుగారి ముక్కు వినబడింది. ఆయన చదువుతున్నప్పుడు ముక్కుతో ఏదో పాట లాగుతాడు. పాట కూడా కాదు, ఒకే ముక్క, మళ్ళీ మళ్ళీ. ఆయన మనుషులకే ఆ సంగతి ఇన్నేళ్ళుగా తెలియదట.

ఒక్కొక్కరే ఆమె బల్ల దగ్గరకి వచ్చి చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. చెవిలో చెబుతున్నది గదంతా వినబడుతోంది.

"మేడమ్, ఆవిడని మెత్తటివేమైనా తినమనండి."

"మేడమ్, ఆ అబ్బాయి కాలికి ఏమైనా జబ్బా?"

"మేడమ్, పాటలకి వేరే గది ఉంటే బాగుంటుంది. నేను ఎవరి గురించీ అనడం లేదు."

పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే అనుకుంది ఆమె. శుక్రవారం సాయంత్రం ఎడిటరుగారు మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఈసారి పెన్సిలు చెవిమీద లేదు, చేతిలో నలుగుతోంది.

"అనడానికి నాకే సిగ్గుగా ఉంది మేడమ్. మొన్నటిదాకా కిందివాళ్ళ మీద కోపంగా ఉండేది. వాళ్ళెవరో ముఖాలు తెలియవు, హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు తిట్టుకోడానికి పక్కనున్నవాళ్ళే మిగిలారు. వాళ్ళూ నన్ను తిట్టుకుంటున్నారు. అదీ వినబడుతోంది." ఆయన నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పుకి లెక్కలావిడ తలెత్తి చూసింది. "నెలాఖరుకి వెళ్ళిపోదామనే అనుకుంటున్నాం."

శనివారం ఆమె ఒక నోటీసు రాయడానికి కూర్చుంది. కరకరలాడేవి తినరాదు, కాళ్ళు ఊపరాదు, రాగాలు తీయరాదు. రాసిన మొదటి కాగితం నచ్చక నలిపితే అందరూ ఉలిక్కిపడ్డారు. రెండో కాగితం నలపకుండా మడిచింది. మధ్యాహ్నం దాకా ఒక్క వాక్యం కుదరలేదు. తన ఊపిరి తనే బిగబట్టుకుని కూర్చున్నట్టనిపించి, కాగితాలు తీసుకుని కిందికి పోయింది.

కింద ఎప్పటిలాగే ఉంది. డాక్టరు ఏదో చెక్కుతున్నాడు, రంపం అరుస్తోంది, ఎవరో ఎవరికో స్క్రూలు విసురుతున్నారు, అత్తగారు కూడా అక్కడే మిషను తొక్కుతోంది. సంచుల పని అయిపోయి వారమైనా ఆవిడ పని మాత్రం అవలేదు. మరిది ఒక డబ్బా తిరగేసి ఆమెకి కుర్చీలా వేశాడు. ఆమె మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని రాసింది. నోటీసు మొదటినుంచి చివరిదాకా ఒక్క కొట్టివేత లేకుండా వచ్చేసింది. ఆఖరున చుక్క పెట్టి తలెత్తి చూస్తే, పక్కన పెట్టిన టీ చల్లారిపోయి ఉంది.

ఆమె టీ వైపు చూసింది, నోటీసు వైపు చూసింది. పక్కనే వైర్ల పిల్ల ఏదో కరకరా నములుతోంది. ఎప్పటినుంచి నములుతోందో!

"ఏమ్మా, ఎంతసేపయింది నువ్వు తినబట్టి?"

"నేను కూర్చున్నప్పట్నుంచీ తింటున్నా. మీకూ కావాలా వదినా?"

ఆమె నోటీసుని రెండుగా చింపింది. చింపిన చప్పుడు కూడా ఎవరికీ వినబడలేదు. లేచి, డబ్బా ఎక్కి నిలబడింది.

"ఆపండర్రా, ఒక మాట!"

ఆపారు.

"మేడ మీదికి నాకు కాస్త మోత కావాలి."

మొదట నవ్వింది అత్తగారు. తర్వాత అందరూ. వైర్ల పిల్ల మాత్రం నవ్వలేదు. చప్పుడు కొలిచే తన డబ్బాని గుండెకి అదుముకుంది. "ముల్లు పడుకుంది కదా వదినా! అంత కష్టపడి పడుకోబెట్టాం!"

"పీకిన పన్ను మళ్ళీ పెట్టమంటున్నారు," అన్నాడు డాక్టరు.

"మొత్తం అక్కర్లేదండీ. కాస్త. ఇక్కడ ఇంత మోత ఉంది, ఎవరి చప్పుడు ఎవరిదో తెలియడం లేదు. అందుకని ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. పైన ప్రతి చప్పుడుకీ ఒక సొంతదారుడు ఉన్నాడు. దుప్పటి లాగి పారేసినట్టయింది వాళ్ళకి. ఎవరి కాళ్ళు ఎక్కడున్నాయో అందరికీ కనబడుతున్నాయి."

తెలియకుండానే మరిది కళ్ళు గోడ వైపు పోయాయి.

"తెలుసులే, అటు చూడక్కర్లేదు," అంది ఆమె. "నేనే కోస్తాను. ఆ మూటల మూత ఎక్కడుందో చూపించి నిచ్చెన పట్టుకోండి."

"అది బాగానే ఉంటుంది," అంది అత్తగారు దారం కొరుకుతూ. "నేను పైన కత్తిరించేటప్పుడు ఆ మూత ఎప్పుడూ కాస్త తెరిచే ఉంచేదాన్ని. కింద మిషన్లు ఆడుతుంటే నా కత్తెర దానంతటదే నడిచేది. అవి ఆగితేనే చెయ్యి ఆగి, ఏమైందే అని తొంగిచూసేదాన్ని."

"మరి ఈ మాట సీలింగు వేసేటప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"నన్నెవరడిగారు? పైగా చెబితే నాచేతే కోయించేవాళ్ళు. గోడ మీద రాసుంది, నాకూ చదువొచ్చు."

ఆదివారం పొద్దున్నే ఆమె నిచ్చెన ఎక్కింది. ఎంతో ముచ్చటగా బిగించిన బోర్డుని సన్నరంపంతో చదరంగా కోసింది. సంచులు ఒక్కొక్కటే లాగి కింద పడేసింది. పైన పాత మూత బయటపడింది. దాని స్థానంలో డాక్టరు ఒక జారుడు తలుపు చేసిపెట్టాడు. మేడ మీద నుంచి పిడి పట్టుకుని లాగితే, గ్యాసు పొయ్యి మంట పెంచినట్టు, సన్నగానో పెద్దగానో ఎంత కావాలంటే అంత తెరుచుకుంటుంది. వైర్ల పిల్ల ముల్లుని లేపుతున్నందుకు కాసేపు అలిగింది. తర్వాత తనే వచ్చి, ఎంత తెరిస్తే ఎంత వస్తుందో చూసి, పిడి పక్కన చిన్న చిన్న గీతలు పెట్టింది.

సోమవారం పదకొండుకి కాస్త ముందు ఆమె మూలకి వెళ్ళి, మొక్కకి నీళ్ళు పోస్తున్నట్టు వంగి, పిడిని మొదటి గీత దాకా లాగింది. దూరంగా వాన పడుతున్నట్టు సన్నటి రొద గదిలోకి వచ్చింది. ఎవరూ తలెత్తలేదు. రెండో గీత. రంపం దోమలా వినబడింది. బొమ్మల కుర్రాడి కాలు మెల్లిగా ఊగడం మొదలైంది. ఇన్నాళ్ళూ పాపం దాన్ని ఇంకో కాలితో తొక్కిపట్టుకుని కూర్చున్నాడు. పదకొండయింది. లెక్కలావిడ అటూ ఇటూ చూసి, దొంగలా డబ్బా తెరిచి, ఒక బిస్కెట్టు కొరికింది. ఎవరూ చూడలేదు. ఇంకోటి కొరికింది. మూడోదానికి ఆవిడ భుజాలు కిందికి దిగాయి.

అప్పుడు ఎడిటరుగారు చెయ్యెత్తాడు.

"మేడమ్."

ఆమె చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. కింద రంపం ఆడుతోంది. ఆయన విన్నాడు, అయిపోయింది అనుకుంది. మేడ, మెట్లు, మరిది వేలికి తిరుగుతున్న తాళంచెవి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

ఎడిటరుగారు కాగితం మీంచి కళ్ళు తియ్యకుండానే, చెయ్యి మాత్రం గాల్లో కాస్త ఊపాడు.

"ఇంకొంచెం."

ఆమె మూడో గీత దాకా లాగింది. ఆయన తల ఊపి, చెయ్యి దించి, ముక్కుతో పాట ఎత్తుకున్నాడు.

నెలాఖరుకి ఎడిటరుగారు వెళ్ళలేదు. గోడౌన్ ఆయనకి అత్తగారు స్వయంగా ఫోను చేసి, "మా కింది భాగం ఖాళీ లేదు నాయనా. ఏం, నీ మూటలకి నోరు లేదుగా, ఎక్కడ పెట్టినా అడగవులే," అని పెట్టేసింది.

ఆ తర్వాతి వారం ఎడిటరుగారు ఆమె బల్ల దగ్గరకి వచ్చాడు.

"మేడమ్, నా కుర్చీ ఒకవైపు ఒరుగుతోంది."

ఆమె అలవాటు కొద్దీ లేవబోయింది. సగం లేచి ఆగింది. మళ్ళీ కూర్చుని, సొరుగులోంచి ఒక స్క్రూడ్రైవరు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"కింద ఒక గోడ ఉందండి. దాని మీద ఒక మాట రాసుంది. ఒకసారి వెళ్ళి చదివి రండి. అక్షరదోషాలుంటే దిద్దండి కూడా."

ఆయన ఆ స్క్రూడ్రైవరుని, తన పెన్సిలు పట్టుకున్నట్టే రెండు వేళ్ళతో పట్టుకుని, రెండో చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు. చాలాసేపు రాలేదు. కింద ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు, అత్తగారు ఎవరినో కోప్పడింది. తర్వాత మూలనున్న తలుపు సందులోంచి ఎడిటరుగారి గొంతు, ఇన్నాళ్ళూ మేడ మీద ఎవరూ విననంత పెద్దగా, పైకి వచ్చింది.

"వదినగారూ! ఆ మూత కాస్త వేసెయ్యండి. నేను సుత్తితో కొట్టబోతున్నాను, పైవాళ్ళు ఏమనుకుంటారో!"

ఆమె మూల దాకా వెళ్ళింది. పిడి పట్టుకుని, చివరి గీత దాకా లాగి, వినడానికి అక్కడే నిలబడింది.